ముళ్లక్క వేసిన ముడి

పొద్దున ఏడయ్యేసరికి ముళ్లక్క దుకాణం తలుపు తీసి, నిన్న సగంలో ఆపిన తాడుని గోడ కొక్కేనికి తగిలించి, ముక్కాలిపీట లాక్కుని కూర్చునేది. మధ్యాహ్నం దాకా ఇక లేచేది కాదు. తాళ్ల పురులు విప్పి అల్లడం, ఇనుప తీగల కొసలు వంచి ఉంగరాల్లాంటి కన్నులు చెయ్యడం, తెరచాప కొయ్యలు పడిపోకుండా బిగించడం ఆమె పని. ఆ రేవులో నూటికి తొంభై పడవల కొయ్యలు నిటారుగా నిలబడ్డాయంటే అదంతా ఆమె చేతి చలవే.

ఆమె నడుముకి ఎప్పుడూ ఒక ఇనుప ముల్లు వేలాడుతుండేది. పురుల మధ్య సందు చెయ్యడానికి అది. ఆ ముల్లు వల్లే ఆ పేరొచ్చిందని కొందరనేవారు. కాదు, ఆమె వేసే ముళ్ల వల్ల అని ఇంకొందరు. నోటి వల్ల అని మిగతావాళ్లు. ఎవరి మాటా తీసెయ్యడానికి లేదు.

ఆమె వేసిన ముడి, వేసేటప్పుడు ఆమె మనసెలా ఉంటే అలా ఉండేది. లోపల ఏదైనా మండుతుంటే ముడి రాయిలా బిగిసేది. మనసు తేలిగ్గా ఉన్నప్పుడు వేస్తే తడి సబ్బులా జారిపోయేది. ఫలానా బావి నీళ్లు ఉప్పన అన్నట్టే ఇదీ రేవులో అందరికీ తెలిసిన సంగతి. పని పట్టుకొచ్చినవాళ్లు ముందు ఆమె మొహం చూసేవారు. నవ్వుతూ కనిపిస్తే, "తొందరేం లేదులే, రేపొస్తాం" అని వెనక్కి తిరిగేవారు. పడవల యార్డు మేస్త్రి మరీ గడుసువాడు. పెద్ద పడవ పని ఉన్న రోజున పొద్దున్నే వచ్చి ఆమె టీలో పంచదార తక్కువైందనో, గడప ముందు చెత్త ఉందనో ఒక మాట విసిరి పోయేవాడు.

ఒకసారి మాత్రం రేవంతా అల్లాడిపోయింది. పడవలకి రంగులేసే ఒకతను ఆమెని పెళ్లి చేసుకుంటానన్నాడు. రెండు నెలలు ఆమె పాటలు పాడుకుంటూ పనిచేసింది. ఆ రెండు నెలల్లో నాలుగు పడవలు కట్టు విడిపోయి రేవు దాటి కొట్టుకుపోయాయి. తర్వాత అతను ఇంకో రేవులో పని దొరికిందని వెళ్లాడు. వెళ్లినవాడు తిరిగి రాలేదు. ఆ మర్నాడు ఆమె వేసిన ముడిని విప్పలేక రంపం తెచ్చారు. "అమ్మయ్య, దారిలో పడింది" అన్నాడు మేస్త్రి. అది ఆమె చెవిన పడింది. ఆ వారమంతా పనులు మహా గట్టిగా జరిగాయి.

కోపంతో వేసిన ముడి ఏడాది ఉంటుంది, దుఃఖంతో వేసింది రెండేళ్లుంటుంది. అసూయతో వేసినదానికి గడువు లేదు. ఈ లెక్క ఆమెకి చెప్పినవాడు తండ్రి. ఆయనా తాళ్ల పనివాడే. చిన్నప్పుడే ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పాడు. చెల్లెలిని మాత్రం సొంత పడవలో ఎక్కించుకుని నీళ్ల మీద తిప్పాడు. పోతూ పోతూ పనిముట్ల పెట్టె పెద్దదానికి, పడవ చిన్నదానికి ఇచ్చిపోయాడు. పెట్టె అక్క చేతికొచ్చిన రోజునుంచీ ఆమె ముళ్లలో మూడొంతులకి గడువు లేదు.

ఆ చెల్లెలు ఒక సోమవారం పొద్దున ఆ పడవనే తోసుకుంటూ దుకాణం ముందున్న గట్టుకి తెచ్చింది.

"అక్కా, నాకు ఉద్యోగం వచ్చింది! అవతలి ఒడ్డున, పడవ నడపడం నేర్పే బడిలో. వచ్చే సోమవారం చేరాలి. పడవ మీదే వెళ్లిపోతా. కాస్త చూసిపెట్టవూ?"

ముళ్లక్క చేతిలో ఉన్న తాడు దానంతటదే బిగిసింది. అవతలి ఒడ్డున అలాంటి బడి ఉందని ఆమెకి పదేళ్లుగా తెలుసు. ఒకప్పుడు ఆ బడికి ఉత్తరం కూడా రాసి, పంపకుండా దాచుకుంది.

"నాన్న పోయాక దీన్ని ఎవరికైనా చూపించావా?" అని మాత్రం అడిగింది.

"నువ్వుండగా ఇంకెవరికి చూపిస్తానే!"

చూస్తే పడవ వయసు అక్కాచెల్లెళ్లిద్దరికన్నా ఎక్కువ. ఒకే కొయ్య. దాన్ని నిలబెట్టేవి ఆరు తీగలు: ముందొకటి, వెనకొకటి, అటూ ఇటూ పక్కలకి రెండేసి. ముళ్లక్క దూది ముద్ద తీసుకుని ఒక్కో తీగనీ కింది నుంచి చెయ్యి అందినంత మేర తుడుచుకుంటూ పోయింది. పురి తెగిన చోటల్లా దూది పోగులు పట్టుకుని నిలిచాయి. అయిదు తీగల మీద తెల్లగా దూది పూసింది.

"బాబోయ్, ఇన్ని తెగాయా?" అంది చెల్లెలు.

"తీగ పైనుంచి చావదు, మొదట్లోంచి చస్తుంది. నీళ్లు దిగి నిలిచేది అక్కడే. ఆరూ మార్చాలి."

"కొయ్య దించాలా అయితే?"

"దించనక్కర్లేదు. ఒకదాని తర్వాత ఒకటి మారుస్తా. తీగ తీసిన చోట తెరచాప ఎత్తే తాడు బిగించి కొయ్యని పట్టి ఉంచుతా. అయిదు రోజులు పడుతుంది."

ఆ అయిదు రోజులూ ముళ్లక్కకి నిప్పుల మీద నడకే. చెల్లెలు ఊరికే కూర్చునే రకం కాదు. గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ అందరినీ పలకరించేది. తెరచాపలు కుట్టే ముసలాయన, ముళ్లక్కతో పదిహేనేళ్లలో పది మాటలు మాట్లాడనివాడు, చెల్లెలి తెరచాప చిరుగు తనంతట తనే కుట్టి భుజాన వేసుకుని తెచ్చాడు. యార్డు మేస్త్రి ఆమెకి ఎండ తగలకుండా గొడుగు పాతించాడు. ముళ్లక్క పదిహేనేళ్లుగా అదే ఎండలో పనిచేస్తోంది. ఆ గొడుగు ఇన్నాళ్లూ ఎక్కడుందో ఆమెకి అర్థం కాలేదు.

"మీ చెల్లెలు ఉంటే గట్టుకే కళ వచ్చినట్టుంటుందమ్మా" అన్నాడు మేస్త్రి.

ఈసారి అతను గడుసుతనంతో అనలేదు, మామూలుగానే అన్నాడు. ముళ్లక్కకి అది ఇంకా మండింది. ఆ పూట ఆమె అల్లిన వెనక తీగ కన్ను చూసి మేస్త్రి సుత్తితో కొట్టాడు. సుత్తి పిడి విరిగింది గానీ కన్ను కదల్లేదు.

పాత తీగ విప్పి నేల మీద పరిచి, అది సాగినంత మేర తగ్గించి కొత్త తీగ కొలుచుకునేది. కొస పురుల్ని ఏడుగా విడదీసి, ముల్లుతో సందు చేసి ఒక్కొక్కటే లోపలికి దూర్చేది. వేళ్లలోంచి రక్తం కారేది. చెల్లెలు పక్కనే కూర్చుని చూస్తూ, "ఎంత బావుందే నీ చెయ్యి! నాన్న చెయ్యిలాగే ఉంది" అనేది. ముళ్లక్క ఇంకో పురి దూర్చేది. చెయ్యి నాన్నదట. పడవేమో దానిదట.

నాలుగోరోజు కుడిపక్క తీగలు మార్చడానికి కూర్చుంది. అవి డెక్కు మీద రెండు ఉక్కు పట్టీలకి బిగించి ఉంటాయి. ఆ పట్టీలు చెక్కలోంచి కిందికి దిగి, లోపలి గదిలో పడవ గోడకి బోల్టులతో అతికి ఉంటాయి. తీగ ఎంత కొత్తదైనా పట్టీ పాతదైతే లాభం లేదని ముళ్లక్కకి ఎవరూ చెప్పక్కర్లేదు. చూద్దామని లోపలికి దిగి, పట్టీలకి అడ్డంగా ఉన్న సామాన్ల అర తలుపు తీసింది.

అర పక్క చెక్క మీద పెన్సిలు గీతలున్నాయి. ఒకదాని మీద ఒకటి, పదకొండు. ప్రతి గీత పక్కనా తండ్రి చేతిరాతలో వయసు: ఆరేళ్లు, ఏడేళ్లు, ఎనిమిదేళ్లు. ఏటా చెల్లెలిని ఇక్కడే నిలబెట్టి ఎత్తు కొలిచాడన్నమాట. ముళ్లక్క పై నుంచి కింది దాకా, మళ్లీ కింది నుంచి పై దాకా చూసింది. ఇంకో వరస కోసం అవతలి చెక్క కూడా చూసింది. అది నున్నగా ఉంది. ఆ ఏళ్లలో తన ఎత్తు ఎవరికీ తెలీదు. తనకే తెలీదు. తను అప్పుడు దుకాణంలో తాళ్లు చీలుస్తోంది.

పదకొండో గీత పక్కనే, పై నుంచి కారిన తుప్పు మరక బెత్తెడు పొడుగున గోధుమరంగులో ఉంది. రెండు పట్టీల్లో వెనకదాని మొదలు పొరలు పొరలుగా లేచింది. గోటితో గీకితే రేకులా ఊడింది.

"ఎలా ఉందక్కా లోపల?" అని పైనుంచి చెల్లెలు అడిగింది.

ముళ్లక్క అర తలుపు మూసింది.

"బానే ఉంది" అంది.

తీగలు మార్చమంది, తీగలు మారుస్తున్నా, పట్టీల సంగతి అడగలేదుగా అని ఆ సాయంత్రం తనకి తనే పదిసార్లు చెప్పుకుంది. పదిసార్లు చెప్పుకోవాల్సి వచ్చిందంటేనే తెలుస్తోంది. ఆ పూట అల్లిన కుడిపక్క తీగ కన్ను అన్నిటికన్నా గట్టిగా వచ్చింది. దాన్ని తీసుకెళ్లి ఆ కుళ్లిన పట్టీకి తన చేత్తోనే తగిలించి, మర తిప్పి బిగించింది.

ఆదివారం పొద్దున చెల్లెలు బయల్దేరుతుంటే గట్టంతా వచ్చింది. ముళ్లక్క కూడా వచ్చింది, పనిముట్ల పెట్టెతో.

"నేనూ వస్తా. కొత్త తీగలు మొదటిరోజు సాగుతాయి. దారిలో మళ్లీ బిగించాలి."

అది నిజమే. కాకపోతే అందుకోసం ఆమె ఇంతవరకూ ఏ పడవా ఎక్కలేదు. చెల్లెలు మాత్రం ఏమీ అడక్కుండా, అందరి ముందూ అక్క మెడ చుట్టూ చేతులేసి బుగ్గ మీద ముద్దుపెట్టింది. ముళ్లక్క పట్టీ సంగతి చెబుదామని నోరు తెరిచింది. అంతలో కట్టు విప్పేశారు.

పొద్దున బయల్దేరితే సాయంత్రానికి అవతలి ఒడ్డు. గాలి బావుంది. రెండు గంటలకొకసారి ముళ్లక్క తీగల మరలు ఒక్కోటీ అర చుట్టు తిప్పింది. కుడిపక్క పట్టీ దగ్గరికి వచ్చినప్పుడల్లా తిప్పకుండా ఊరికే చెయ్యి వేసి చూసింది. గాలి ఎడమ నుంచి వీస్తోంది కాబట్టి బరువంతా ఎడమ తీగల మీదే ఉంది. ఇలాగే ఉంటే చాలు, ఇలాగే ఒడ్డు చేరితే చాలనుకుంది.

"ఇటు రావే, పట్టుకో" అంటూ చెల్లెలు చుక్కాని ఆమె చేతికిచ్చింది.

ముళ్లక్క నలభై రెండేళ్ల జీవితంలో పడవ తన చేతి మాట వినడం అదే మొదటిసారి. ఇటు తోస్తే అటు తిరిగింది. తెరచాప నిండింది. కింద నీళ్లు గలగలమన్నాయి. చెల్లెలు పక్కన కూర్చుని, "అలా కాదు, చేతితో కాదు, వీపుతో చూడు గాలిని" అంటూ చెప్పింది. చెప్పడం దానికి భలే వచ్చు. ముళ్లక్క గట్టిగా నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్విన నవ్వు కావడంతో దగ్గు కూడా వచ్చింది.

మధ్యాహ్నం దాటాక గాలి మారింది. చెల్లెలు చుక్కాని తీసుకుని తెరచాపని అటువైపుకి మార్చింది. బరువు కుడి తీగల మీదకి వచ్చింది. పావుగంట కూడా గడవలేదు. తుపాకీ పేలినట్టు ఒక చప్పుడు. పట్టీ డెక్కు దగ్గర తెగి, తీగ కొస గాల్లోకి లేచి కొరడాలా ఊగింది. కొయ్య పైభాగం విల్లులా వంగింది.

చెల్లెలు కేక వెయ్యలేదు. చుక్కాని మొత్తం తోసేసి పడవని గిరుక్కున తిప్పింది. గాలి మళ్లీ ఎడమకి వచ్చింది. బరువు దిగి కొయ్య లేచి నిలబడింది.

"ఇలా ఎంతోసేపు పోలేం! అటు చూడు" అని అరిచింది.

ఎదురుగా నల్లటి రాళ్ల వరస. వాటి మీద అలలు తెల్లగా విరుగుతున్నాయి. అర గంట దూరం కూడా లేదు. మళ్లీ తిరగాల్సిందే. తిరిగేలోపు కుడి తీగని దేనికో ఒకదానికి కట్టి తీరాలి.

ముళ్లక్క మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి ఊగుతున్న తీగ కొస పట్టుకుంది. పక్కనే గట్టిగా ఉన్న రెండో పట్టీ రంధ్రంలోంచి తాడు దూర్చి, తీగ కన్నులోంచి లాగి, ఆరు చుట్లు చుట్టి బిగించి ముడి వేసింది. లాగి చూసింది. జారిపోయింది.

మళ్లీ వేసింది. మళ్లీ జారింది. తాడు పాములా మెత్తగా వేళ్లలోంచి దిగిపోయింది. మూడోసారి పళ్లతో పట్టుకుని లాగి వేసింది. చూస్తుండగానే విచ్చుకుంది.

"ఏమైందే?"

"పట్టడం లేదు!" ముళ్లక్క గొంతు ఏడుపులా ఉంది. "పట్టడం లేదే! నాకు... నాకు నీ మీద..."

లోపల వెతుక్కుంది. పదిహేనేళ్లుగా రోజూ నిద్రలేవగానే తగిలే మంట ఇప్పుడు లేదు. చెల్లెలిని చంపుతున్నానన్న భయం, సిగ్గు, వాటి మధ్య పొద్దున్న చుక్కాని పట్టుకున్నప్పటి ఆనందం, అంతే ఉన్నాయి. వాటితో ముడి పడదు.

చెల్లెలు ఆమె మొహం వైపు చూసింది. ఆ తాళ్ల పనివాడికి అదీ కూతురే. చుక్కాని వదలకుండా, గాలికి వినబడేలా, ఒక్కో మాటా విడివిడిగా పలికింది.

"అక్కా! నాన్న నిన్ను పనికి పెట్టుకున్నాడే. నన్ను మాత్రమే పెంచుకున్నాడు!"

ముళ్లక్క తల తిప్పి చూసింది.

"నీ గురించి ఒక్క రోజూ అడగలేదు! పడవ ఎక్కాక నీ పేరే ఎత్తేవాడు కాదు! పెద్దది దుకాణం చూసుకుంటుందిలే అనేవాడు, అంతే!"

చెల్లెలి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. అవి గాలికో, దేనికో తెలీదు. అవేవీ ముళ్లక్కకి పట్టలేదు. ఆమెకి కనబడింది పదకొండు పెన్సిలు గీతలు. పాత మంట మళ్లీ అంటుకుంది. చేతులు వాటంతటవే కదిలాయి. ఆరు చుట్లు, ఒక లాగు, ముడి. అది మూసుకున్న చప్పుడు పెట్టె తాళం పడ్డట్టు ఇద్దరికీ వినబడింది.

"తిప్పు" అంది ముళ్లక్క.

పడవ తిరిగింది. బరువంతా కుడికి వచ్చింది. తీగ సన్నగా మోగింది. కొయ్య రవ్వంత కూడా కదల్లేదు. రాళ్ల వరస ఎడమగా, తర్వాత వెనగ్గా జరిగిపోయింది.

చాలాసేపటికి ముళ్లక్క, చెల్లెలి వైపు చూడకుండా, అంది. "ఆ పట్టీ తుప్పు నేను ముందే చూశాను. నాలుగోరోజే. చెప్పలేదు."

చెల్లెలు ఒక్కసారి డెక్కు మీద తెగిన ముక్క వైపు చూసి, మళ్లీ నీళ్ల వైపు చూసింది. ఒడ్డు చేరేదాకా అక్కతో మాట్లాడలేదు. నీళ్ల సీసా మాత్రం ఒకసారి ఆమె వైపు జరిపింది. తను అరిచింది అబద్ధమని ఆమె చెప్పలేదు. అబద్ధమా అని అక్కా అడగలేదు.

అవతలి ఒడ్డున బడి నడిపేది ఒక లావుపాటి కళ్లజోడు ఆవిడ. కొత్త పట్టీ వేయిద్దామని మర్నాడు ఆ కట్టు విప్పబోయింది. ఆవిడ వల్ల కాలేదు. బడిలో ఉన్న బలమైనవాళ్లిద్దరి వల్లా కాలేదు. రంపం పళ్లు రెండు ఊడాయి. చివరికి ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఎవరు వేశారమ్మా ఇది?" అంది.

"మా అక్క" అంది చెల్లెలు. రెండు రోజుల్లో ఆమె అక్క ఊసెత్తడం అదే మొదలు.

పట్టీ వచ్చేసరికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ ముళ్లక్క ఊరికే కూర్చోలేక, పడవ నడపడం నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకి తీగలు ఎలా చూడాలో, దూదితో ఎలా తుడవాలో, పట్టీ మొదలు ఎందుకు గోటితో గీకాలో చెప్పింది. ఆ చివరిది మరీ మరీ చెప్పింది. మూడోరోజుకి ఆమె చుట్టూ పాతికమంది చేరారు. పడవలు కట్టేసే బల్లకట్టు మీద చెల్లెలి దగ్గర ఇద్దరు మిగిలారు. వాళ్లు కూడా మెడలు తిప్పి ఇటే చూస్తున్నారు. "వచ్చే నెల నుంచి మీరూ ఇక్కడే ఉండండి" అని కళ్లజోడావిడ అందరి ముందూ ముళ్లక్కని అడిగింది.

ఆ సాయంత్రం చెల్లెలు తన పడవని తనే బల్లకట్టుకి కట్టేసి, ఎవరితోనూ మాట్లాడకుండా గదికి వెళ్లిపోయింది.

పొద్దున ఆ కట్టు విప్పడం ఎవరికీ చేతకాలేదు.

ముళ్లక్కని పిలిచారు. ఆమె వంగి ముల్లు కొస ముడిలో గుచ్చబోయింది. అది దిగలేదు. ముడి చుట్టూ వేలితో తడిమి చూసింది. అది ఎలాంటి ముడో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. తలెత్తితే చెల్లెలు మొహం ముడుచుకుని ఎదురుగా నిలబడి ఉంది.

"ఆ ముల్లు ఇలా ఇవ్వు" అంది చెల్లెలు.

"పట్టుకోవడం వచ్చా నీకు?"

"నాన్న నన్ను ఒక్కసారైనా దాన్ని ముట్టుకోనిచ్చాడా, రావడానికి? చూపించు."

ముళ్లక్క ఆమె వేళ్లని ముల్లు చుట్టూ సర్ది, బొటనవేలు ఎక్కడుండాలో చూపించింది. ఆ పూట చెల్లెలు చెప్పాల్సిన పాఠం కూడా ముళ్లక్కే చెప్పింది, వేరే పడవలో, నీళ్ల మీద. వీపుతో గాలిని చూడమంది. తిరిగొచ్చేసరికి చెల్లెలు ఇంకా బల్లకట్టు మీదే కూర్చుని ఉంది. చేతి నిండా గాట్లు. ముడి సగం విప్పింది.

వానలు మొదలయ్యే ముందు ఇవతలి ఒడ్డున ఉన్న తమ రేవు నుంచి యార్డు మేస్త్రి కబురు పెట్టాడు, పడవలకి కొత్త తీగలు వెయ్యాలి, మనిషి లేక అవస్థగా ఉంది అని. వెళ్లాల్సింది ముళ్లక్క. కానీ అప్పటికి ఆమె వేసే ముడుల్లో పదికి ఎనిమిది జారిపోతున్నాయి. పనిముట్ల పెట్టె తీసుకుని, పెద్ద పడవ ఎక్కి చెల్లెలు వెళ్లింది. వెళ్లేటప్పుడు తన పడవ గది తాళంచెవి అక్క చేతిలో పెట్టి, "ఆ ముందు తీగ మర చూస్తూ ఉండు" అంది. మెడ చుట్టూ చేతులు మాత్రం వెయ్యలేదు.

ఏడాది తిరిగాక, ఆ రేవు నుంచి ఒక కొత్తమ్మాయి బడిలో చేరింది. చుక్కాని పట్టుకుని, గాలి వైపు వీపు పెట్టి, కబుర్లలో కబురుగా అంది. "మా రేవులో తాళ్లు అల్లే ఆవిడ మీ చెల్లెలట కదా? ఆవిడ ముడి మీ ముడి కన్నా గట్టిదని మా మేస్త్రి అంటాడు."

ముళ్లక్క తెరచాప వైపు చూసింది, నీళ్ల వైపు చూసింది.

"అవును" అంది. కానీ ఆ మాట అనడానికి ఆమెకి కాస్త సేపు పట్టింది.